గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతుంటే ఫ్యాన్ వేగం పెంచాలా, వోల్టేజీ తగ్గించాలా: ఏది మేలు?

ఆట మొదలై పావుగంట కాకముందే ఫ్యాన్లు హోరెత్తిపోతాయి, ఉష్ణోగ్రత 84 డిగ్రీల దగ్గర తిష్ఠ వేస్తుంది. వెంటనే చాలామంది చేసే పని ఫ్యాన్ వేగం పెంచడం, లేదా కేబినెట్‌కు ఇంకో రెండు ఫ్యాన్లు కొనడం. నా లెక్కలో ఈ రెండూ తర్వాత చేయాల్సిన పనులు. పొయ్యి మంట తగ్గించకుండా విసనకర్ర ఊపితే ఏం లాభం?

ముందు ఒక మాట. 75 డిగ్రీలు చూసి కంగారు పడనక్కర్లేదు. ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3080కి తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 93 డిగ్రీలు, ఆర్‌టీఎక్స్ 4090కి 90. హద్దు దగ్గర పడేకొద్దీ కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి కాలిపోతుందన్న భయం అనవసరం. అసలు బాధ ఆ చప్పుడు, ఆటలో తగ్గే వేగం, వేడెక్కే గది.

ఆ గది సంగతే ఫ్యాన్లకూ మిగతా మార్గాలకూ ఉన్న తేడాను బయటపెడుతుంది. కార్డు 320 వాట్లు లాగితే ఆ 320 వాట్లూ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తాయి. ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగినా ఆ వేడిని చిప్ మీద నుంచి తీసి మీ మీదకు తోస్తుందే తప్ప ఒక్క వాటు కూడా తగ్గించదు. తగ్గించాలంటే కార్డు లాగే విద్యుత్తే తగ్గాలి.

అందుకు అన్నిటికన్నా తేలికైన దారి ఫ్రేమ్ రేటుకు, అంటే కార్డు సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు, కళ్లెం వేయడం. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 ఫ్రేములే చూపగలదు, కార్డు సెకనుకు 140 ఫ్రేములు గీస్తోంది అనుకుందాం. సగానికి పైగా ఫ్రేములు తెర మీద పూర్తిగా కనబడనే కనబడవు, వాటి వేడి మాత్రం మీదే. కొన్ని ఆటల్లో మెనూ తెర దగ్గర ఊరికే కూర్చున్నా కార్డు వందల ఫ్రేములు గీస్తూ ఆయాసపడుతుంటుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోనే గరిష్ఠ ఫ్రేమ్ రేటు పెట్టుకునే వీలుంది, ఏఎండీ కార్డులకు ఇదే పని చేసే రేడియాన్ చిల్ అనే అమరిక ఉంది. పోటీ ఆటల్లో ప్రతి మిల్లీసెకనూ లెక్కపెట్టుకునేవారికి ఇది నచ్చదు, అది సహజమే. 4కేలో 50 ఫ్రేములకే ఆపసోపాలు పడే కార్డుకు కూడా దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

అలాంటివారి ముందు రెండు దారులున్నాయి: పవర్ లిమిట్ (కార్డు లాగగల విద్యుత్తు పరిమితి) తగ్గించడం, అండర్‌వోల్టింగ్ (అదే వేగానికి చిప్‌కు అందే వోల్టేజీ తగ్గించడం). అసలు పోటీ వీటి మధ్యే.

పవర్ లిమిట్ అరనిమిషం పని. కార్డు అమరికలు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ స్లైడర్‌ను 100 నుంచి 80కి జరిపితే చాలు. ఆట కుప్పకూలే భయం దాదాపు లేదు, ఎందుకంటే ఏ వేగానికి ఎంత వోల్టేజీ అన్నది కార్డు తన పాత లెక్క ప్రకారమే నడుపుకుంటుంది. కానీ బరువైన సన్నివేశం వచ్చినప్పుడల్లా పరిమితిలో ఇమడడానికి వేగం దించుకుంటుంది. అయినా ఆఖరి కొద్దిపాటి వేగం కోసమే ఈ కార్డులు ఎక్కువ విద్యుత్తు తగలేస్తాయి కాబట్టి, 450 వాట్ల 4090 లాంటి కార్డును 80 శాతానికి దించినా ఆడుతున్నప్పుడు ఆ తేడా కంటికి ఆనదు.

అండర్‌వోల్టింగ్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. చిప్ లాగే విద్యుత్తులో పెద్ద వాటా వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి మారుతుంది. అదే వేగాన్ని 1.05 వోల్టులకు బదులు 0.9 వోల్టులతో నడపగలిగితే ఆ వాటా పావు వంతుకు పైగా పడిపోతుంది, ఫ్రేములేమో అలాగే ఉంటాయి. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజీకి ఎంత వేగమో చూపే గీత తెరుచుకుంటుంది. 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కను మీ కార్డు మామూలుగా ఆటలో నడిచే వేగం దాకా ఎత్తి, దాని తర్వాతి చుక్కలన్నీ ఆ ఎత్తుకు మించకుండా చదును చేయాలి. చిక్కల్లా ఓపికతోనే. ఒత్తిడి పరీక్షలో గంటసేపు నిలిచిన అమరిక కూడా రే ట్రేసింగ్ (వెలుగునీడలను లెక్కగట్టి గీసే బరువైన పద్ధతి) ఉన్న ఆటలో చతికిలబడవచ్చు. అప్పుడు 25 మిల్లీవోల్టులు పెంచి మళ్లీ చూడాలి. ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు, కాబట్టి ఎవరి అంకెలనో దించుకుంటే పని కాదు. ఒక సాయంత్రం కేటాయించగలిగితే నా ఓటు దీనికే. అంత ఓపిక లేకపోతే పవర్ లిమిట్‌తోనే చాలావరకు గట్టెక్కవచ్చు.

ఇక గాలి సంగతి. ఫ్యాన్లు కొనేముందు కేబినెట్ పక్క తలుపు తీసి, అదే ఆటలో అదే సన్నివేశాన్ని పావుగంట ఆడి చూడండి. రెండు మూడు డిగ్రీలే తగ్గితే గాలి సరిగానే ఆడుతున్నట్టు, కొత్త ఫ్యాన్లు దండగ. ఎనిమిది, పది డిగ్రీలు పడిపోతే ముందువైపు నుంచి గాలి అందడం లేదు. దుమ్ము పట్టిన జల్లెడ కావచ్చు, ముందంతా అద్దంతో మూసేసిన కేబినెట్ కావచ్చు. తలుపు తీసే ఉంచుకుందామంటే దుమ్ముకు స్వాగతం పలికినట్టే. కార్డు ఫ్యాన్ వేగాన్ని 60 నుంచి 100 శాతానికి పెంచితే కొద్ది డిగ్రీలు తగ్గుతాయి, చప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేంత అవుతుంది. వోల్టేజీ తగ్గించాక ఆ వేగాన్ని కిందికి దించుకోవడంలోనే సుఖం ఉంది.

చిప్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ మార్చాలా? దానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చిప్ ఉష్ణోగ్రతనూ హాట్‌స్పాట్‌నూ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటి ఉష్ణోగ్రతనూ) పక్కపక్కన పెట్టి చూడాలి. మధ్య తేడా 10, 15 డిగ్రీలుంటే మామూలే. 30 దాటితే పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు, కూలర్ సరిగా ఆనకపోయి ఉండవచ్చు. వారంటీ ఉంటే విప్పకుండా కంపెనీకే పంపండి. లేకపోతే విప్పేముందు మెమరీ చిప్‌ల మీది, వేడిని కూలర్‌కు అందించే మెత్తని ప్యాడ్‌ల మందం తెలుసుకోండి. అర మిల్లీమీటరు ఎక్కువ మందంవి పెడితే కూలర్ అసలు చిప్‌కు గట్టిగా ఆనదు, విప్పకముందు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది.