పాప్-అప్ ట్రైలర్ మంచం: పైపు దన్నా, నేల కాలా, వైర్ రోపా?

పాప్-అప్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాగే, బసలో విప్పుకునే గూడారపు బండి. దానిని ప్రయాణంలో మూసి ఉంచి, బస చేరాక పైకప్పు లేపి, ముందూ వెనకా ఉన్న రెండు మంచాలను సొరుగుల్లా బయటికి లాగుతారు. మంచం లోపలి కొస బండి గోడ అంచున ఉన్న పట్టాల మీద ఆనుతుంది. బయటి కొసకు మాత్రం కింద ఏమీ ఉండదు. మనుషులు పడుకునేది చాలావరకు ఆ కొస వైపే కాబట్టి, దానిని దేనితో నిలబెట్టాలన్నది ట్రైలర్ కట్టించుకునేవారు మొదటే తేల్చుకోవలసిన విషయం. అమెరికాలో ఇలాంటి బండ్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. మన వైపు ఇవి అరుదు. అక్కడ ఉన్న పిల్లల దగ్గర చూసివచ్చి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక వెల్డింగ్ షెడ్డులో కట్టించుకుందామనుకునేవారి ముందు ముఖ్యంగా మూడు దారులు ఉంటాయి. ఛాసిస్ (బండి అడుగున ఉండే ఉక్కు చట్రం) నుంచి మంచం బయటి అంచుకు ఏటవాలుగా పైపులు పెట్టడం ఒకటి, అంచు కింద నేల మీదికి కాళ్లు దింపడం రెండోది, పైకప్పు మూలల నుంచి వైర్ రోప్‌తో, అంటే ఉక్కు తీగలు పేనిన తాడుతో, వేలాడదీయడం మూడోది. లోపల బరువైన ఉక్కు పట్టాలు వేసి ఏ దన్నూ లేకుండా వదిలే పద్ధతి కూడా ఉన్నది కానీ, చిన్న కారు లాగవలసిన బండికి ఆ బరువు తగదు కనుక దానిని పక్కన పెడుతున్నాను.

ఈ మూడింటినీ ఒకే బరువుతో తూచి చూడాలి. పడుకునే ఇద్దరూ, పరుపూ, ప్లైవుడ్ పలకా కలిపి 200 కిలోలు అనుకుందాం. బరువు సమంగా పరుచుకుంటే అందులో సగం, అంటే 100 కిలోలు బయటి అంచు మీద పడుతుంది. రెండు మూలలకు పంచితే ఒక్కొక్క దానికి 50 కిలోలు. నేల కాలు నిటారుగా ఉంటుంది గనుక అది మోయవలసింది ఆ 50 కిలోలే. ఏటవాలు పైపు నేలకు 45 డిగ్రీల కోణంలో ఉంటే దాని పొడవునా సుమారు 70 కిలోల ఒత్తిడి పడుతుంది. అదే పైపు మరీ వాలి 30 డిగ్రీలకు వస్తే ఒత్తిడి 100 కిలోలకు చేరుతుంది. వైర్ రోప్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే అక్కడ పడేది ఒత్తిడి కాదు, లాగుడు. అంకెలను మాత్రమే చూసినవారు నేల కాలే మేలంటారు. నిజానికి అది చౌక కూడా. ఛాసిస్‌ను ముట్టుకోకుండా, సన్నని పైపుతో, బండి తయారైన తరువాత సైతం అమర్చుకోవచ్చు.

చిక్కంతా నేలతోనే వస్తుంది. కళింగపట్నం, బారువ, భావనపాడు తీరాల్లో ఇసుక. విజయనగరం జిల్లా లోపలి ఊళ్లలో ఎండకు గట్టిగా కనిపించి ఒక్క వానకే మెత్తబడే ఎర్రనేల. అర అంగుళం పైపు కొస మీద 50 కిలోలు పెడితే ఇసుకలో అది ఎంత లోతుకు పోతుందో వేరే చెప్పనక్కరలేదు. అడుగున చెక్క పలక వేస్తే దిగడం తగ్గుతుంది, కానీ రెండు కాళ్లూ సమానంగా దిగుతాయన్న భరోసా లేదు. ఒక మూల దిగి మరొక మూల నిలిచినప్పుడు మంచం చట్రం మెలి తిరుగుతుంది, పట్టాలు బిగుసుకుంటాయి, తెల్లవారి మంచం లోపలికి తోయబోతే కదలదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. బండి స్ప్రింగుల మీద నిలుస్తుంది, కాలు నేల మీద నిలుస్తుంది. లోపల ఒకరు లేచి నడిస్తే బండి కొద్దిగా కుంగుతుంది, కాలు కుంగదు. అప్పుడు కాలి మీద పడే బరువు మనం వేసుకున్న 50 కిలోల లెక్కను దాటిపోతుంది. నాలుగు మూలలా స్టెబిలైజర్ జాకీలు (నిలిచిన బండి కదలకుండా దాని మూలల కింద దించే ఊతకాళ్లు) దించితే ఈ కదలిక తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ‘ఇసకలోన కాలు నిలబడదు బాబూ, రేత్రికి ఓ పక్కకి ఒరిగిపోద్ది’ అని విజయనగరంలో ఒక షెడ్డు మేస్త్రీ నాతో అన్న మాటలో ఈ లెక్కంతా ఉన్నది.

ఏటవాలు పైపు విషయంలో నేల నేరుగా జోక్యం చేసుకోదు. పైపు కింది కొస ఛాసిస్‌కు, పై కొస మంచం అంచుకు తగిలి ఉంటుంది కాబట్టి బండి కుంగినా, ఒరిగినా మంచం దానితోపాటే కదులుతుంది. ఇక్కడ ఒక భ్రమకు తావు ఇవ్వకూడదు. బరువు ఎక్కడికో మాయమైపోదు, చివరకు చక్రాల ద్వారా, జాకీల ద్వారా ఆ నేల మీదికే వస్తుంది. అయితే జాకీ అడుగున వెడల్పయిన పలక వేయడం తేలిక, ఒకవేళ అది దిగినా బండి మొత్తం కొద్దిగా వాలుతుందే కానీ మంచం చట్రం మెలి తిరగదు. ఒకే ఇరుసు ఉన్న బండిని కారు నుంచి విడదీసి, వెనక జాకీలు దించకుండా వెనక మంచం లాగి దాని మీద ఎక్కితే మాత్రం ముందు కొస లేచి బండి వెనక్కి వాలిపోయే ప్రమాదం ఉన్నది. మొదట జాకీలు, తరువాత మంచం, ఆ తరువాత పైపులు, చివరకు మనుషులు అన్న వరుసను ఏ కారణంతోనూ మార్చకూడదు.

ఈ పద్ధతికి తనదైన కష్టాలు లేకపోలేదు. ఏటవాలు పైపు మంచాన్ని పైకి మోయడంతోపాటు బయటికి నెడుతుంది కూడా. 45 డిగ్రీల దగ్గర ఆ నెట్టుడు ఒక్కొక్క మూలకు 50 కిలోలు, 30 డిగ్రీల దగ్గర 87 కిలోలు. పట్టా చివర అడ్డుబిళ్ల బలహీనంగా ఉంటే మంచం పట్టాల నుంచి జారిపోగలదు. అందువల్ల షెడ్డులో పైపు మందం గురించి అడిగేటప్పుడు ఆ అడ్డుబిళ్ల గురించి రెండింతలు అడగాలి. కింది బ్రాకెట్టును ఛాసిస్ ఉక్కుకే వెల్డింగ్ చేయించాలి, నేలపలకకో రేకుకో బిగిస్తే అది కొన్నాళ్లకు చిరుగుతుంది. పైపు పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. ఒత్తిడికి వంగిపోకుండా నిలిచే శక్తి పొడవు రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. ఒకసారి వంగిన పైపును సుత్తితో సరిచేసి మళ్లీ వాడడం మనవాళ్లకు అలవాటే కానీ, ఇక్కడ అది తగదు.

పైపు కొసను గిన్నెలాంటి సాకెట్‌లో ఊరకే ఆనించే బండ్లూ ఉంటాయి. ఖాళీ మంచాన్ని గుడ్డ గూడారంతో సహా సముద్రపు గాలి ఒక్కసారి ఎగదోస్తే ఆ పైపు జారి కింద పడుతుంది, పడుకోవడానికి వచ్చినవారు చీకట్లో అది గమనించకపోవచ్చు. రెండు కొసలకూ పిన్ను పెట్టించుకోవాలి. పైపు లోపలి తుప్పు కూడా పైకి కనిపించదు. కింది కొస దగ్గర నీరు పోయేందుకు చిన్న రంధ్రం వేయించి, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వాడితే తీర ప్రాంతంలో కొంత నిశ్చింతగా ఉండవచ్చు.

వైర్ రోప్ పద్ధతి చూడడానికి అన్నిటికంటే అందమైనది. మంచం కింద ఏ అడ్డూ ఉండదు, మోకాళ్ల మీద కూర్చుని పైపులు తగిలించే పని ఉండదు, టర్న్‌బకిల్ (రోప్‌ను బిగించే, వదులుచేసే మర బిళ్ల) తిప్పి అంచు ఎత్తును సరిచేసుకోవచ్చు. కానీ ఆ బరువు పైకప్పు మూలలకు చేరుతుంది. కప్పును లేపే స్తంభాలూ, వాటిలోని వించ్ (చేత్తో తిప్పే చుట్టుడు యంత్రం) తీగలూ మామూలుగా కప్పు బరువును మాత్రమే లెక్కలో పెట్టుకుని చేసినవి. రోప్ 45 డిగ్రీల దగ్గర ఉండి మూలకు 50 కిలోల చొప్పున కిందికీ, అంతే బలంతో బయటికీ లాగితే వాటికి వేరే లాకు పిన్నులు తప్పనిసరి. రెండు మంచాల మీదా మనుషులుంటే ఎదురెదురు లాగుళ్లు కొంత సరిపోతాయి. ఒక మంచం ఖాళీగా ఉన్నప్పుడు కప్పు ఒక వైపుకే గుంజబడుతుంది. ఉప్పుగాలికి రోప్ పేటల మధ్య తుప్పు లోలోపలే పెరుగుతుంది. క్లాంపు దగ్గర పాత గుడ్డను చుట్టి మెల్లగా లాగితే, తెగిన సన్నని తీగ ఒక్కటి ఉన్నా గుడ్డకు తగులుకుంటుంది. అలా తగులుకున్న రోప్‌ను అతకకూడదు, మార్చాలి. కంపెనీ ఆ పద్ధతికే గీసి తయారుచేసిన బండి అయితే వైర్ రోప్‌కు నాకు అభ్యంతరం లేదు. షెడ్డులో కట్టించే బండికి మాత్రం వద్దంటాను.

అందుచేత మన ప్రాంతానికి పిన్నులున్న ఏటవాలు పైపులే మేలు. నేల కాళ్లను పూర్తిగా తోసిపుచ్చను. సిమెంటు గచ్చు మీద, ఇంటి పెరట్లో, బంధువులు ఎక్కువై ఒక రాత్రి అదనపు మంచంగా వాడుకునేటప్పుడు అవి చక్కగా పనికివస్తాయి. అప్పుడు కూడా పైపులు తీసేయకుండా, వాటికి తోడుగా మాత్రమే కాళ్లు దించడం మంచిది.

బండిని షెడ్డు నుంచి తెచ్చుకునే ముందు మేస్త్రీ ఎదుటే ఒక పరీక్ష చేయించుకోవాలి. జాకీలు దించి, మంచం లాగి, పైపులు తగిలించి, 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిదింటిని మంచం బయటి సగంలో పరచాలి. అలా పెట్టినప్పుడు అంచు మీద పడేది 100 కాదు, సుమారు 150 కిలోలు. పెట్టిన వెంటనే ఒకసారి, మరునాడు పొద్దున ఒకసారి రెండు మూలల ఎత్తును టేపుతో కొలవాలి. తేడా కనిపిస్తే మొదట చూడవలసినది పైపును కాదు, కింది బ్రాకెట్టు వెల్డింగునూ పట్టా చివరి అడ్డుబిళ్లనూ.