హ్యాంక్ విలియమ్స్ ఊళ్లు: జార్జియానా, మాంట్‌గోమరీ, ఆ తర్వాతే నాష్‌విల్

కంట్రీ మ్యూజిక్ అనగానే అందరూ నేరుగా నాష్‌విల్‌కి టికెట్లు కొనేస్తారు. ఆ సంగీతంలో పెద్ద పేరున్న గాయకుడు హ్యాంక్ విలియమ్స్ కోసం వెళ్లేవాళ్లు మాత్రం అలబామాతో మొదలుపెట్టాలి. ఆయన బతికిందే 29 ఏళ్లు. అందులో నాష్‌విల్‌ గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కచేరీలో ఉన్నది 1949 జూన్ నుంచి 1952 ఆగస్టు దాకా, అంతే. పుట్టింది, పాట నేర్చుకుంది, మొదటి పెళ్లి చేసుకుంది, చివరికి సమాధి అయింది అన్నీ అలబామాలోనే.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఇది లాంగ్ వీకెండ్‌లో అయిపోయే ట్రిప్. అట్లాంటా నుంచి మాంట్‌గోమరీ దాదాపు 160 మైళ్లు, అక్కణ్ణుంచి దక్షిణంగా జార్జియానా 60 మైళ్లు. మళ్లీ వెనక్కి వచ్చి నాష్‌విల్‌కి 280, తిరుగు ప్రయాణం ఇంకో 250. గురువారం పొద్దున్నే బయల్దేరడం మంచిది. శుక్రవారం బయల్దేరితే శనివారం ఓప్రీ షో అందుకోవడానికి మాంట్‌గోమరీలో పరుగులు పెట్టాల్సి వస్తుంది. అలబామా సెంట్రల్ టైమ్ కాబట్టి వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది.

మొదట జార్జియానా. ఐ-65 మీద ఎగ్జిట్ 114. హ్యాంక్ పుట్టింది ఈ బట్లర్ కౌంటీలోనే, మౌంట్ ఆలివ్ అనే పల్లెలో, 1923 సెప్టెంబర్ 17న. తండ్రి 1930లో మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరాక, తల్లి లిల్లీ పిల్లల్ని తీసుకుని ఈ ఊరొచ్చింది. రోజ్ స్ట్రీట్‌లో వాళ్లున్న చెక్క ఇల్లే ఇప్పుడు మ్యూజియం. ఇంటిని చూసేముందు దాని కిందికి చూడండి. నేలకి బాగా ఎత్తుగా స్తంభాల మీద కట్టిన ఇల్లు. ఆ కింద నీడలో, పాత కారు సీటు మీద కూర్చుని పిల్లాడు గిటార్ సాధన చేసేవాడని చెబుతారు. పక్కనే రైలు పట్టాలు, ఇప్పటికీ గూడ్సు బళ్లు పోతూనే ఉంటాయి. రైలు కూత ఆయన పాటల్లో ఎందుకంత తరచుగా వస్తుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. పెద్ద మ్యూజియాల్లో ఉండే వీడియోలూ హెడ్‌ఫోన్లూ ఇక్కడుండవు. ఉన్నవాళ్లని అడగండి, తీరిగ్గా చెబుతారు. ఆదివారం మూసే అవకాశం ఎక్కువ కాబట్టి బయల్దేరేముందు ఒక ఫోన్ చేసుకోండి. జూన్ మొదట్లో ఇక్కడ హ్యాంక్ పేరుతో ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే పాటలు బోలెడు, ఇల్లు ప్రశాంతంగా చూడటం మాత్రం కష్టం.

ఇక్కడే హ్యాంక్‌కి రూఫస్ పేన్ దొరికాడు. అందరూ టీ-టాట్ అనేవాళ్లు. జార్జియానా, గ్రీన్‌విల్ వీధుల్లో పాడుకుని బతికిన నల్లజాతి గాయకుడు. కాలితో తాళం వేస్తూ గిటార్ మీద బ్లూస్ లయ పట్టడం హ్యాంక్ నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆయన 1939లో మాంట్‌గోమరీలో పేదరికంలో పోయారు. లింకన్ సెమిటరీలో సమాధి ఎక్కడుందో కచ్చితంగా తెలియదు, తర్వాత ఒక స్మారక శిల మాత్రం నిలబెట్టారు. హ్యాంక్ సమాధి దాకా వెళ్లేవాళ్లు చాలామంది ఇక్కడికి రారు. గురువుని వదిలేసి శిష్యుణ్ణి మాత్రం చూసి రావడం నాకు సరిగా అనిపించదు. అరగంట కేటాయించండి.

బస జార్జియానాలో వెతకొద్దు. గ్రీన్‌విల్ దగ్గర ఎగ్జిట్ 130లో చెయిన్ హోటళ్లున్నాయి, రాత్రి పడుకుని పోవడానికి చాలు. ఓపికుంటే మాంట్‌గోమరీ డౌన్‌టౌన్‌లోనే దిగడం మేలు. అక్కడి హ్యాంక్ మ్యూజియం, ఆయన విగ్రహం నడిచి వెళ్లేంత దూరం. ఊరి తూర్పు వైపు గదులు చవగ్గా దొరుకుతాయి గానీ ప్రతిదానికీ కారు తీయాలి. తిండికి డెక్స్‌టర్ అవెన్యూలో క్రిస్ హాట్‌డాగ్స్ ఉంది, 1917 నుంచీ నడుస్తోంది, హ్యాంక్ కూడా వెళ్లేవాడు. శాకాహారులకి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. హ్యుందాయ్ ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్లో కొరియన్ హోటళ్లు బాగా పెరిగాయి, అన్నం కావాలంటే అటు వెళ్లొచ్చు.

కామర్స్ స్ట్రీట్‌లో ఉన్న హ్యాంక్ విలియమ్స్ మ్యూజియానికి గంటన్నర పెట్టుకోండి. సూట్లు, బూట్లు, రికార్డులు. ఫొటోలు తీయనివ్వరు, ముందే తెలిస్తే చిరాకుండదు. అందరూ వచ్చేది లేతనీలం 1952 కాడిలాక్ కోసం. అది కుటుంబం నుంచి అరువుగా వచ్చిన వస్తువు, అందుకే అప్పటికి అక్కడే ఉందో లేదో అడిగి వెళ్లండి. 1952 డిసెంబర్ చివర్లో మంచు తుఫాను వల్ల విమానం కుదరక, ఒహాయోలోని కాంటన్‌లో కొత్త సంవత్సరం షో కోసం, కాలేజీ కుర్రాడు ఒకడు ఈ కారు నడుపుకుంటూ హ్యాంక్‌ని తీసుకెళ్లాడు. వెస్ట్ వర్జీనియాలో ఓక్ హిల్ దగ్గరికొచ్చేసరికి వెనక సీట్లో ప్రాణం లేదు. పుట్టుకతోనే వెన్నెముక లోపం ఉన్న పొడగరి, నొప్పికి మందులూ మద్యమూ తీసుకుంటున్న మనిషి. ఆ ఇరుకు సీటు చూస్తే ఆ చివరి ప్రయాణం ఎంత కష్టమైందో తెలుస్తుంది.

1937లో ఊళ్లోకి వచ్చిన కొత్తలో కుర్రాడు హ్యాంక్ ఎంపైర్ థియేటర్ పోటీలో పాడి 15 డాలర్లు గెలుచుకున్నాడు. 1955లో, బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వనన్న నల్లజాతి మహిళ రోసా పార్క్స్‌ని అరెస్టు చేసింది ఆ థియేటర్ ముందే. ఇప్పుడు ఆ స్థలంలో ఆమె పేరిట మ్యూజియం ఉంది. టీ-టాట్ గురించి తెలుసుకున్నాక దాన్ని చూడటం చాలా అవసరం.

సమాధి ఓక్‌వుడ్ సెమిటరీ అనెక్స్‌లో. జీపీఎస్ ఒక్కోసారి పాత సెమిటరీకి తీసుకెళ్తుంది, అప్పర్ వెటంప్కా రోడ్ వైపు గేటు పెట్టుకోండి. రాతి పలక మీద సూర్యకిరణాలు, పక్కన మొదటి భార్య ఆడ్రీ సమాధి, ముందు రాతితో చెక్కిన టోపీ. చుట్టూ ప్లాస్టిక్ గడ్డి చూసి ముఖం చిట్లించొద్దు. అభిమానులు గడ్డిపోచలు పీక్కుపోతుంటే నిలవక వేసిందది. 1953 జనవరి 4న అంత్యక్రియలకి వేలాది మంది వచ్చారు.

ఒక రోజు మిగిలితే లేక్ మార్టిన్. ఓప్రీ వాళ్లు తీసేశాక 1952 ఆగస్టులో ఆయన ఉన్న కొవాలిగా క్యాబిన్ అక్కడే ఉంది. చిల్డ్రన్స్ హార్బర్ అనే సంస్థ దాన్ని అద్దెకిస్తూ వచ్చింది, చాలా ముందుగా అడగాలి.

నాష్‌విల్‌లో మొదట రైమన్ ఆడిటోరియం. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టారు. 1943 నుంచి 1974 దాకా ఓప్రీ ఇక్కడే. 1949 జూన్ 11న ‘లవ్‌సిక్ బ్లూస్’ పాడితే జనం ఆరుసార్లు మళ్లీ పాడించారని చెప్పుకుంటారు. పగలు టూర్ సరిపోతుంది. రాత్రి కచేరీకి కొంటే సీటు చూసి కొనండి. చెక్క బెంచీలు, నడుం నొప్పి ఉన్నవాళ్లకి రెండు గంటలు భారమే. కింద అంతస్తులో వెనక వరసల మీద బాల్కనీ కప్పుగా వస్తుంది, స్తంభాలు అడ్డం. అవే డబ్బులకి బాల్కనీ ముందు వరస నయం.

ఓప్రీ హౌస్ ఊరికి తూర్పున, డౌన్‌టౌన్ నుంచి కారులో పోవాలి. రైమన్ వేదిక నుంచి కోసుకొచ్చిన ఆరడుగుల చెక్క వృత్తం మీద నిలబడాలంటే టూర్ టికెట్ విడిగా కొనాలి. షోలో ఒక్కొక్కరూ రెండుమూడు పాటలే పాడతారు, రేడియోలో ప్రత్యక్షంగా వస్తుంది కాబట్టి మధ్యలో ప్రకటనలు. చలికాలంలో కొన్ని షోలు రైమన్‌లోనే పెడుతుంటారు, కొనేముందు వేదిక పేరు చూసుకోండి.

బ్రాడ్‌వే పక్కన గది వద్దు. అర్ధరాత్రి దాటినా బ్యాండ్లు ఆగవు, పార్కింగ్‌కి వేరే బాదుతారు. ఓప్రీ హౌస్ దగ్గరే తీసుకుని, డౌన్‌టౌన్‌కి ఒక పూట వెళ్తే చాలు. ఫిడిల్, స్టీల్ గిటార్‌తో పాత పద్ధతిలో వినాలంటే బ్రాడ్‌వేలో రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్. టికెట్ లేదు, బకెట్ వస్తే ధారాళంగా వేయండి, వాయించేవాళ్ల బతుకు ఆ టిప్పులే.

ఆదివారం తిరిగేటప్పుడు ఐ-24 మీద మాంటీగిల్ దిగుడులో లారీలు నెమ్మదిస్తాయి, చట్టనూగా దగ్గర ట్రాఫిక్ ఆగుతుంది, పైగా టైమ్ జోన్ మారి ఒక గంట పోతుంది. మధ్యాహ్నం పన్నెండుకి ముందే కదలండి.