కొత్త రంగు పుట్టనివ్వని ఫిల్టర్: స్కేల్2ఎక్స్‌తో కొన్నేళ్లు

పాత వీడియో గేముల స్ప్రైట్లను (తెర మీది పాత్రల, వస్తువుల చిన్న బొమ్మలను) రెట్టింపు పరిమాణంలో తిరిగి గీసేటప్పుడు కొన్నేళ్లుగా నేను మొదట వాడుతున్నది స్కేల్2ఎక్స్ అనే ఫిల్టర్, అంటే బొమ్మను తనంతట తానే పెద్దది చేసే ప్రోగ్రామ్. ఆండ్రియా మజ్జోలెని 2001లో దీన్ని తయారుచేసిన తరువాత ఇంతకంటే నున్నని అంచులు ఇచ్చే ఫిల్టర్లు చాలా వచ్చాయి, వాటినీ వాడి చూశాను. అయినా దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే: బొమ్మలో లేని రంగును ఇది ఒక్కదాన్ని కూడా పుట్టించదు. ఒక్కో పిక్సెల్‌ను నాలుగు ముక్కలు చేసి, పైన, కింద, కుడి, ఎడమ ఉన్న పొరుగు పిక్సెళ్లను మాత్రమే చూసి, ఒక్కో ముక్కలో ఉన్న రంగునే ఉంచుతుంది, లేదా పొరుగు రంగును తెచ్చి పెడుతుంది. రెండు రంగులను కలిపి మూడోది చేయడం దీని పద్ధతిలోనే లేదు.

ఇది ఎంత పెద్ద సుగుణమో 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ బొమ్మలు ముందు పెట్టుకుంటే తెలుస్తుంది. ఆ గేమ్ నడిచిన నింటెండో యంత్రంలో ఒక స్ప్రైట్ పాలెట్‌కు, అంటే బొమ్మకు కేటాయించిన రంగుల జాబితాకు, పారదర్శకం కాక మూడే రంగులు. మారియో తమ్ముడు లూయీజీ అంటే మారియో బొమ్మే, పాలెట్ మారిందంతే. నక్షత్రం అందుకున్న మారియో మిలమిలలాడేది కూడా పాలెట్లు తిప్పడం వల్లనే. ఆకాశంలోని తెల్లని మేఘానికీ, నేల మీది పచ్చని పొదకూ ఆకారం ఒకటే. ఈ బొమ్మలను రంగులు కలిపే హెచ్‌క్యూ2ఎక్స్ అనే మరో ఫిల్టర్‌తో పెంచితే ఎరుపుకూ చర్మపు రంగుకూ మధ్య నడిమి ఛాయలు పుట్టుకొస్తాయి. చూడటానికి అవి బాగానే ఉంటాయి, కానీ అవి మారియోకు మాత్రమే చెందిన ఛాయలు కనుక లూయీజీకి, మేఘానికి, పొదకు వేరువేరుగా మళ్లీ పని చేయవలసి వస్తుంది. స్కేల్2ఎక్స్ తరువాత నేను మారియోను చేత్తో సరిదిద్దుకుని, పాలెట్‌లో మూడు రంగులు మార్చగానే లూయీజీ ఏ మచ్చా లేకుండా తెర మీదికి వచ్చాడు. ఆ పూట కలిగిన సంతోషమే నన్ను ఈ పద్ధతికి కట్టిపడేసింది.

పొరుగు రంగును తెచ్చి పెట్టే అదే నియమం మారియో ముఖం దగ్గర నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. నిలబడి ఉన్న చిన్న మారియో కన్ను ఒక పిక్సెల్ వెడల్పు, రెండు పిక్సెళ్ల ఎత్తు ఉన్న గోధుమ రంగు గీత. దాని కింది చివర మీసానికి మూలకు మూల తగులుతుంది. మీసానిదీ అదే రంగు, ఎందుకంటే పాలెట్‌లో నాలుగో రంగుకు చోటు లేదు. అసలు పరిమాణంలో మన చూపు ఆ రెండింటినీ తనంతట తానే విడదీసుకుంటుంది. ఫిల్టర్‌కు కన్నూ మీసమూ తెలియవు. ఒకే రంగున్న రెండు పిక్సెళ్లు మూలల దగ్గర తగిలితే అది ఏటవాలు గీత అని తీర్మానించి, పక్కనున్న చర్మపు పిక్సెల్‌లో ఒక మూలను గోధుమ రంగుతో నింపేస్తుంది. దాంతో కన్ను కిందికి జారి మీసంలో కలిసిపోయి, చెంప మీద గాటు పడినట్లు కనిపిస్తుంది. 1981లో డాంకీ కాంగ్ గేమ్ కోసం దాని రూపకర్త షిగెరు మియామోటో ఈ పాత్రకు మీసం పెట్టిందే అంత చిన్న బొమ్మలో ముక్కు స్పష్టంగా తెలియాలనీ, నోరు గీయవలసిన అవసరం తప్పాలనీ. అంత ఆలోచించి కూర్చిన ముఖంలో పావు పిక్సెల్ తప్పుచోట పడినా మనిషి పోలిక మారిపోతుంది.

దీనికి నాకు దొరికిన పరిష్కారం కూడా కొత్త రంగు పుట్టించని ఆ సుగుణంలోనే ఉంది. ఫిల్టర్‌కు ఇచ్చే ముందు కంటికి ఆ బొమ్మలో ఎక్కడా లేని ముదురు గులాబీ రంగు వేస్తాను. రంగులు వేరు కనుక కన్నూ మీసమూ కలవవు. రెట్టింపైన బొమ్మలో గులాబీ రంగును తిరిగి గోధుమ రంగుకు మార్చేస్తే పని పూర్తవుతుంది. రంగులను కలిపే ఫిల్టర్‌తో ఇదే చేసి ఉంటే గులాబీ ఛాయ ముఖమంతా అంటుకునేది. ఇప్పుడు కలవకూడని భాగం ఎక్కడున్నా, చేతివేళ్లయినా, బెల్టు అంచయినా, ఇలాగే తాత్కాలిక రంగుతో వేరుచేసి పెడుతున్నాను.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని విషయాలు చెప్పక తప్పదు. సరిగ్గా 45 డిగ్రీల వాలులో ఉన్న సన్నని గీత చక్కగా వస్తుంది, కానీ రెండు పిక్సెళ్లు అడ్డంగా, ఒకటి కిందికి నడిచే గీత ప్రతి మెట్టు దగ్గరా ముడిపడినట్లు లావెక్కుతుంది. చిన్న మారియో నడకలో ఉన్నవి మూడు ఫ్రేములే (కదలిక కోసం వరుసగా చూపే బొమ్మలే) కనుక చేత్తో దిద్దుకోవచ్చు. చుట్టూ నల్లని అంచు గీత ఉండి, ఫ్రేములు ఎక్కువగా ఉన్న బొమ్మల్లో మాత్రం ఈ ముడులు ఫ్రేముకొక చోటికి మారుతూ అంచంతా వణుకుతున్నట్లు కనిపిస్తుంది, దాన్ని దిద్దడం కంటే మొదటి నుంచి గీయడమే తేలిక. చతురస్రంగా ఉండవలసిన ఇటుకల, పెట్టెల మూలలు కూడా తెగిపోతాయి. ఇక రంగుల సంగతి: పదహారు పిక్సెళ్ల బొమ్మకు నిండుగా అనిపించిన మూడు రంగులు ముప్పై రెండు పిక్సెళ్లకు వచ్చేసరికి బోసిగా కనిపిస్తాయి, కాబట్టి ఫిల్టర్ కలపని నీడ రంగును చివరికి నేనే చేర్చుకుంటున్నాను.

నేను ఉద్యోగం ముగిశాక దొరికిన సమయంలో, సొంత అభ్యాసం కోసం, ఎక్కువగా మూడు రంగుల స్ప్రైట్లనే గీస్తాను, అసలు బొమ్మ ఆకారాన్ని వదిలి పోవడం నాకు ఇష్టం ఉండదు. నా మెప్పు ఆ పరిమితుల్లోనిదే. 2017లో లిజార్డ్‌క్యూబ్ బృందం వండర్ బాయ్: ది డ్రాగన్స్ ట్రాప్ అనే పాత గేమ్‌ను పూర్తిగా చేత్తో తిరిగి గీసి, ఆడుతూనే ఒక్క మీట నొక్కితే పాత బొమ్మలకు మారే వీలు కల్పించింది. అలాంటి పని తలపెట్టినవారికి స్కేల్2ఎక్స్ వల్ల దాదాపు ఉపయోగం లేదు. సూపర్ నింటెండో గేమ్ యంత్రం తరహాలో పదిహేను రంగుల వరకు ఉన్న బొమ్మలు చేసేవారిని రంగులను కలిపి అంచులను నున్నగా చేసే ఎక్స్‌బీఆర్ ఫిల్టర్‌నే ముందు ప్రయత్నించమంటాను, పాలెట్ మార్చి వాడుకోవలసిన పాత్రలు వారి పనిలో లేకపోతే.