హెచ్‌డీవీ కెమెరాతో ఆరేళ్లు: చాట్స్‌వర్త్ షూటింగుల అనుభవం

చాలావరకు లాస్ ఏంజెలెస్ నగరంలోనే ఉన్న శాన్ ఫెర్నాండో లోయ అమెరికా అడల్ట్ చిత్రాల నిర్మాణానికి చాలాకాలం కేంద్రంగా ఉంది. ఆ లోయలోని చాట్స్‌వర్త్‌లో ఒక చిన్న నిర్మాణ సంస్థకు నేను 2006 నుంచి 2012 వరకు కెమెరామన్‌గానూ, ఎడిటర్‌గానూ పనిచేశాను. ఆ ఆరేళ్లూ నా చేతిలో ఉన్నది మూడు సీసీడీలతో (వెలుగును బొమ్మగా మార్చే చిప్‌లు), మినీ డీవీ అనే చిన్న డిజిటల్ వీడియో టేపుతో నడిచే హెచ్‌డీవీ కెమెరా, అంటే ఆ టేపు మీదే హై డెఫినిషన్ (హెచ్‌డీ) బొమ్మను రికార్డు చేసేది. ఈ రంగం పేరు వినగానే మాట మార్చేవారు చాలామంది ఉంటారని తెలిసినా, మనిషి చర్మాన్ని ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో, ఇంతసేపు చిత్రించే పని మరొకటి లేదు కనుక, హై డెఫినిషన్ బలమూ బలహీనతా ఎలా ఉంటాయో ఇక్కడి అనుభవంతోనే చెప్పడం న్యాయమని నేను నమ్ముతున్నాను.

జేవీసీ, సోనీ, కెనాన్, షార్ప్ సంస్థలు కలిసి 2003లో తెచ్చిన హెచ్‌డీవీ పద్ధతి మాలాంటి చిన్న సంస్థలకు అందుబాటులోకి రావడానికి ముఖ్య కారణం టేపు. పాత డీవీ టేపు మీదే, అదే సెకనుకు 25 మెగాబిట్ల వేగంతో, 720 x 480 బదులు 1440 x 1080 చుక్కల బొమ్మ వచ్చేది, అంటే నాలుగున్నర రెట్ల వివరం. అరవై నిమిషాల టేపు అరవై నిమిషాలే నడిచేది. దర్శకుడికి కొత్త ఖర్చేమీ కనిపించలేదు. ఖర్చు వేరే చోట మొదలైంది.

మొదటి వారం తీసిన క్లోజప్‌ను పెద్ద మానిటర్‌లో చూసినప్పుడు మేకప్ చేసే ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డీవీలో సమంగా కనిపించిన పాన్‌కేక్ మేకప్ ఇప్పుడు చర్మం మీద వేరే పొరలా నిలబడింది. నుదుటి దగ్గర, జుట్టు మొదలయ్యే చోట, అది ఎక్కడ ఆగిపోయిందో గీత గీసినట్టు తెలుస్తోంది. నడుము మీద ఎలాస్టిక్ ఒత్తిన ఎర్రటి చార, షేవింగ్ తర్వాత లేచిన చిన్న పొక్కులు, దిండుకు అంటిన ఫౌండేషన్ మరక, అన్నీ ఉన్నాయి. ఆమె ఆ తర్వాత స్పాంజి పక్కన పెట్టి ఎయిర్‌బ్రష్‌తో పలుచగా కొట్టడం నేర్చుకుంది. నటీనటులను వదులు బట్టలతో రమ్మని, షేవింగ్ ముందురోజే చేసుకోమని చెప్పడం మొదలుపెట్టాం. మేకప్‌కు గంట పట్టేది రెండు గంటలైంది. ఆ సమయాన్ని షెడ్యూల్లో చేర్చడానికి నిర్మాతతో నేను చేసిన వాదనలు, కెమెరా గురించి చేసిన వాదనలన్నింటికన్నా ఎక్కువ.

కెమెరా మెనూలో డీటెయిల్ అనే అమరిక ఒకటుంది. అంచులకు కృత్రిమంగా పదును పెట్టడం దాని పని. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు అది ఉన్న స్థాయి ఈ పనికి చాలా ఎక్కువ. దాన్ని బాగా తగ్గించి, చర్మపు రంగును గుర్తించి అక్కడ మాత్రమే మెత్తదనం ఇచ్చే స్కిన్ డీటెయిల్‌ను కొద్దిగా వాడితే ముఖం ముఖంలా కనిపించింది. ఎడిటింగ్‌లో బ్లర్ వేసి నునుపు చేసే పద్ధతి నాకు ఎన్నడూ నచ్చలేదు. దానివల్ల మనిషి మైనపుబొమ్మ అవుతుంది.

ఒక నటి కడుపు మీద పాత ఆపరేషన్ మచ్చ ఉంది. డీవీలో ఎవరూ గమనించనిది హెచ్‌డీలో స్పష్టంగా కనిపించింది. దర్శకుడు దాచమన్నాడు. నేను ఆమెను మానిటర్ దగ్గరకు పిలిచి, దాచిన షాటూ దాచని షాటూ రెండూ చూపించి, ఏది కావాలో చెప్పమని అడిగాను. ఉంచేయమంది. ఆ రోజు నుంచి మొదటి షాట్ తర్వాత నటీనటులకు మానిటర్ చూపించడం మా సెట్‌లో నియమమైంది. ఇంత వివరంగా తన శరీరాన్ని చూపుతున్నప్పుడు అది ఎలా కనిపిస్తోందో ముందుగా తెలుసుకునే హక్కు ఆ మనిషికి ఉందని నా గట్టి అభిప్రాయం.

వెలుతురు విషయంలో ఈ కెమెరా ఆకలి ఎక్కువ. అంతే పరిమాణపు సీసీడీలో ఎక్కువ చుక్కలు ఇరికించినందువల్ల పాత డీవీ కెమెరాలకన్నా కనీసం ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు, వెలుగు అడిగేది. బొమ్మను కృత్రిమంగా ప్రకాశవంతం చేసే గెయిన్ పెంచితే నీడల్లో గింజల్లాంటి చుక్కలు పుట్టేవి. మొదట టంగ్‌స్టన్ లైట్లు పెంచాం. శబ్దం కోసం ఏసీ ఆపేస్తాం కనుక పది నిమిషాల్లో గది వేడెక్కిపోయేది, చెమట పట్టేది, రెండు గంటల మేకప్ కరిగిపోయేది. ఫ్లోరసెంట్ లైట్లకు మారి, ఎదుటి గోడకు తెల్లని బోర్డు ఆనించి వెలుగును దానిమీద కొట్టి తిప్పాక గానీ ఈ బాధ తీరలేదు. ఫోకస్ మరో తలనొప్పి. బొమ్మను పెద్దది చేసి చూసే బటన్ రికార్డింగ్ ఆపినప్పుడే పనిచేసేది. చిన్న తెరలో సరిగ్గా ఉన్నట్టే కనిపించి పెద్ద తెరలో మసకగా తేలిన షాట్లు మొదటి ఏడాది ఎన్నో పోయాయి.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ టేపు వల్లే తగిలింది. డీవీలో ఒక చోట దుమ్ము అడ్డుపడితే రెండు మూడు గళ్లు చెదిరేవి, అంతే. హెచ్‌డీవీ 1080 పద్ధతిలో పదిహేను ఫ్రేములను ఒక గుంపుగా కుదిస్తారు కాబట్టి అదే దుమ్ముకు అర సెకను బొమ్మ, దానితోపాటు శబ్దమూ పోతాయి. 2007లో ఒక సాయంత్రం రోజు మొత్తానికీ ముఖ్యమైన టేపులో ఇలాంటి ఖాళీలు నాలుగు వచ్చాయి. నటీనటులు వెళ్లిపోయారు. మళ్లీ పిలవడానికి డబ్బు లేదు. ఆ సన్నివేశాన్ని పక్క కోణం షాట్లతో అతికి గట్టెక్కించాను. తర్వాత ఒకే రకం టేపులు కొని, ఒక్కసారి మాత్రమే వాడి, కెమెరా నుంచి వీడియోను బయటికి పంపే ఫైర్‌వైర్ తీగతో హార్డ్‌డిస్క్ రికార్డర్ తగిలించి రెండు చోట్లా రికార్డు చేయడం అలవాటు చేసుకున్నాను.

ఎడిటింగ్ కూడా బరువే. ఆ ఫ్రేముల గుంపులను విడదీస్తూ కంప్యూటర్ నీరసించేది. 2007లో ఎడిటింగ్‌కు తేలికైన ప్రోరెస్ అనే వీడియో ఫార్మాట్ వచ్చాక ముందుగా దానిలోకి మార్చి పనిచేశాను. హార్డ్‌డిస్కులో అయిదారు రెట్ల చోటు పట్టినా ప్రాణం కుదుటపడింది. ఇంత కష్టపడి తీసిన హెచ్‌డీని చూపడానికి మాత్రం చాలాకాలం దారి లేదు. హెచ్‌డీ బొమ్మను డిస్కులో ఇచ్చే రెండు పద్ధతులైన హెచ్‌డీ డీవీడీ, బ్లూరే పోటీలో ఎటు వెళ్లాలో తెలియక మేము మామూలు డీవీడీలే విడుదల చేశాం. 2008 ఫిబ్రవరిలో తోషిబా హెచ్‌డీ డీవీడీని విరమించేనాటికి ప్రేక్షకులు అప్పటికే ఇంటర్నెట్ వైపు నడవడం మొదలుపెట్టారు. అయినా హెచ్‌డీలో తీసి తగ్గించిన డీవీడీ, డీవీలో తీసినదానికన్నా శుభ్రంగా ఉండేదన్నది నిజం.

2012లో మెమరీ కార్డు మీద రికార్డు చేసే కెమెరాకు మారాం. పాత కెమెరాను అమ్మలేదు. దాదాపు నాలుగు వందల టేపులు, ప్రతి పెట్టె మీదా చిత్రీకరణ తేదీ రాసినవి, నా దగ్గర ఉన్నాయి. వాటిని చదవగలిగేది ఆ కెమెరాలో టేపును చదివే హెడ్డూ, ఫైర్‌వైర్ పోర్టున్న ఒక పాత కంప్యూటరే. మీ దగ్గరా హెచ్‌డీవీ టేపులుంటే హెడ్డు అరిగేలోగా కాపీ చేసుకోండి. గంట టేపుకు గంట పడుతుంది, త్వరగా అయ్యే మార్గం లేదు.