ఆడ గ్లాడియేటర్ బొమ్మలు: కొనాలా, ప్రింట్ తీయాలా, మార్చుకోవాలా?

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు వచ్చినప్పుడు గ్లాడియేటర్ ఆట మొదలుపెట్టాం. గ్లాడియేటర్లంటే పాత రోమ్‌లో జనం ముందు కత్తులతో తలపడినవాళ్లు. బల్ల మీద గుండ్రంగా కోసిన అట్ట, చుట్టూ గోడకి థర్మోకోల్, లోపల 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలు ఎనిమిది. రెండో రోజే అడిగింది, "మావయ్యా, వీళ్లలో ఆడవాళ్లు లేరా?" అని. రోమ్‌లో ఉండేవారు, నా డబ్బాలోనే లేరు. కొందామని ఫోన్‌లో వెతికితే వచ్చిన బొమ్మలు చూసి గబుక్కున స్క్రీన్ తిప్పేశాను. పిల్ల అప్పటికే చూసేసింది. "ఈవిడ ఫైట్‌కి వచ్చిందా, ఫోటో దిగడానికి వచ్చిందా?"

తర్వాత రెండు నెలలు ఏ బొమ్మ చూసినా ఆ ప్రశ్నతోనే చూశాను. ఇనప బికినీ, మడమ ఎత్తు బూట్లు, నడుము విల్లులా వంచి వెనక్కి చూసే భంగిమ. అలా నిలబడితే ఎదుటివాడి కత్తి ఎటు నుంచి వస్తుందో కూడా కనబడదు.

అలాగని ఒంటి నిండా బట్ట ఉంటేనే పద్ధతైన బొమ్మ అనుకుంటే అది రోమ్ కాదు. గ్లాడియేటర్లలో చాలామంది మగవాళ్లు ఛాతీ మీద ఏమీ లేకుండానే దిగేవారు. నడుముకి గోచీ, దాని మీద వెడల్పాటి బెల్టు, కత్తి పట్టిన చేతికి మందంగా కుట్టిన తొడుగు, కాలికి కవచం. ఆడవాళ్ల సంగతికొస్తే మనకున్న గట్టి సాక్ష్యం ఒక పాలరాతి శిల్పం. ఇప్పటి టర్కీలోని బోద్రమ్‌లో, అంటే పాత హాలికార్నాసస్‌లో దొరికింది. క్రీ.శ. 1, 2 శతాబ్దాల నాటిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా, డాలు ముందుకు పెట్టి, కత్తి దూసి నిలబడి ఉంటారు. పేర్లు గ్రీకులో చెక్కారు: అమెజాన్, అకిలియా. ఇద్దరినీ వదిలిపెట్టారని పైన రాసి ఉంది. తల మీద హెల్మెట్లు లేవు. కింద ఇద్దరి పక్కనా కనిపించే గుండ్రటి వాటిని హెల్మెట్లని కొందరు, ప్రేక్షకుల తలలని కొందరు అంటారు.

నేను చూసేది వాళ్ల కాళ్ల వైపు. పాదాలు ఎడంగా, బరువు ముందుకి. బొమ్మ పద్ధతిగా ఉందా లేదా అన్నది నూటికి తొంభై పాళ్లు అక్కడే తేలిపోతుంది.

బట్ట విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి సిసిలీలో, పియాజ్జా అర్మెరీనా దగ్గరి విల్లా రొమానా దెల్ కసాలేలో ఉన్న 4వ శతాబ్దపు మొజాయిక్, అంటే రంగు రాళ్ల ముక్కలు పొదిగిన చిత్రం. అందులో ఆటలాడే అమ్మాయిలకి ఛాతీకి అడ్డంగా కట్టిన గుడ్డ పట్టీ, కింద చిన్న గోచీ ఉంటాయి. వాళ్లు గ్లాడియేటర్లు కారు, కానీ రోమన్ ఆడవాళ్లు ఒళ్లు వంచి ఆడేటప్పుడు కట్టుకున్న బట్ట అది. కాబట్టి గుడ్డ పట్టీ ఉన్న బొమ్మకి ఆధారం ఉంది, ఇనప పట్టీ ఉన్నదానికి లేదు. రెండోది ప్రొవొకేటర్ అనే రకం. గ్లాడియేటర్ల రకాల్లో ఛాతీకి రేకు కట్టుకునేది ముఖ్యంగా ఇతనే. అమెజాన్, అకిలియాలు కూడా ప్రొవొకేటర్లేనని చాలామంది అంటారు. ఆడ బొమ్మ కావాలంటే ఈ రకం ఎంచుకోవడం అన్నిటికన్నా తేలిక: చరిత్ర చెడదు, ఇంట్లో పిల్లల ముందు మొహం తిప్పుకోనక్కర్లేదు.

ఇక ఎక్కడ దొరుకుతాయి అన్న సంగతి. నేను మూడు దారులూ తొక్కాను.

మొదటిది రెడీమేడ్ లోహపు బొమ్మలు. ఇవి ఎక్కువగా బ్రిటన్‌లోని చిన్న చిన్న కంపెనీలవి. చేతిలో బరువుగా ఉంటాయి, కింద పడితే కత్తి వంగుతుంది తప్ప విరగదు, మెల్లగా సరిచేసుకోవచ్చు. పిల్లలతో ఆడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఇబ్బంది ఎంపికలో ఉంది. మగ గ్లాడియేటర్లు రకరకాలుగా దొరుకుతారు, ఆడవాళ్లు మాత్రం ఒక ప్యాక్‌లో ముగ్గురో నలుగురో, అందులో ఒకరు మంచిగా, మిగిలినవాళ్లు ఫోటోకి వచ్చినవాళ్లు. నేను తెప్పించిన ప్యాక్ ముందు నుంచి బాగానే ఉంది. వెనక నుంచి చూస్తే చెక్కినవాడి శ్రద్ధంతా ఎక్కడ పెట్టాడో తెలిసిపోయింది. కస్టమ్స్‌తో కలిపి బొమ్మల ధరకి దగ్గర దగ్గర రెట్టింపు అయింది, వెనక్కి పంపేదీ లేదు. అప్పటి నుంచి రంగు వెయ్యని బొమ్మ ఫోటో, అదీ అన్ని వైపుల నుంచీ చూడకుండా కొనడం మానేశాను. రంగు బాగా వేస్తే ఎంత వంకర బొమ్మయినా దాగిపోతుంది.

బ్రిటన్‌లో బ్యాడ్ స్క్విడో గేమ్స్ అనే చిన్న కంపెనీ నమ్మదగ్గట్టుగా ఉండే ఆడ బొమ్మలే తన పనిగా పెట్టుకుంది. వైకింగ్ యోధురాళ్లు, రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ ఆడ సైనికులు, ఎవరిని చూసినా పని మీద వచ్చినట్టే ఉంటారు. గ్లాడియేటర్లు కొనకపోయినా, మంచి భంగిమ అంటే ఏంటో కంటికి అలవాటు కావడానికి వాళ్ల బొమ్మలు ఒకసారి చూడండి. అరీనా రెక్స్ ఆట బొమ్మల్లోనూ ఆడవాళ్లున్నారు, చెక్కడం చాలా గొప్పగా ఉంటుంది. కానీ అవి 35 మిల్లీమీటర్ల రెసిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం) బొమ్మలు, సగం ఊహ కలిసిన రోమ్. నా 28ల పక్కన పెడితే పెద్దపులి పక్కన పిల్లిలా ఉంటుంది, పిల్లి మనమే.

రెండో దారి త్రీడీ ప్రింట్. ఇప్పుడు హైదరాబాద్‌లో రెసిన్ ప్రింటర్ ఉన్న కుర్రాళ్లు చాలామంది తగులుతారు, బొమ్మ డిజైన్ ఉన్న ఫైల్ ఇస్తే గ్రాముల లెక్కన తీసిచ్చేవాళ్లున్నారు. కస్టమ్స్ లేదు, నెల రోజుల ఎదురుచూపు లేదు. ఎంపిక సముద్రం. బాధ కూడా అదే. మైమినీఫ్యాక్టరీ లాంటి, ఈ ఫైళ్లు దొరికే వెబ్‌సైట్లలో ఒక పద్ధతైన బొమ్మ కోసం ముప్పై ఇనప బికినీలు దాటాలి. హీరో ఫోర్జ్ అనే వెబ్‌సైట్‌లో అయితే భంగిమ, బట్ట, ఆయుధం మనమే కూర్చుకోవచ్చు. నిలబడే తీరు మన చేతిలో ఉంటుంది. కాకపోతే అది ఫాంటసీ ఆటల కోసం చేసింది, రోమన్ సామాన్లు వెతుక్కోవాలి.

ఫైల్ కొనేముందు రెండు సంగతులు చూసుకోండి. చాలా ఫైళ్లు సొంత వాడకానికే ఇస్తారు. బయట డబ్బిచ్చి తీయించుకోవచ్చా లేదా అన్నది లైసెన్స్‌లో చదవాలి. రెండోది సైజు. 32 మిల్లీమీటర్లకి చేసినదాన్ని 28కి దించాలంటే 87.5 శాతానికి తగ్గించాలి. బొమ్మ తగ్గుతుంది, దాంతోపాటు కత్తి మందమూ తగ్గుతుంది. మామూలు రెసిన్ పెళుసు. మా మొదటి అకిలియా కత్తి ఆట మొదలవకముందే, పెట్టె మూత వేస్తుంటే విరిగింది. గట్టి రకం రెసిన్ కొంచెం కలిపి తీయమని అడిగితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ప్రింటర్ మీరే కొనాలనుకుంటే ఫ్లాట్‌లో ఆ వాసన, గ్లవ్స్, ఆల్కహాల్ కడుగుడు తట్టుకోగలరా అని ఇంట్లోవాళ్లని ముందే అడగండి. మా ఇంట్లో అడిగాను. అక్కడితో అయిపోయింది.

మూడోది నాకు నచ్చిన దారి. మగ ప్రొవొకేటర్ బొమ్మ తీసుకుని మార్చుకోవడం. వింటే పెద్ద పనిలా ఉంటుంది గానీ ఒకసారి ఆలోచించండి. 28 మిల్లీమీటర్ల సైజులో, ఛాతీకి రేకు, చేతికి తొడుగు, ముందు డాలు, కాలికి కవచం ఉన్న మనిషి ఆడో మగో చెప్పేవి ఎన్ని మిగిలాయి? తల ఒక్కటే. మిగతాదంతా యుద్ధం సామానే. మగ బొమ్మ భంగిమ చెక్కినవాడు కత్తియుద్ధం ఆలోచించే చెక్కాడు, కాబట్టి నిలబడే తీరు గొడవ మొదట్లోనే తీరిపోతుంది.

స్టాచ్యుయెస్క్ మినియేచర్స్ అని ఆడ తలలు విడిగా అమ్మేవాళ్లున్నారు. పాత తల కోసి, మెడలో సన్నని తీగ గుచ్చి, కొత్త తల అతికిస్తే సగం పని అయినట్టే. తల సైజు మాత్రం చూసి కొనాలి. పాత లోహపు బొమ్మల్లో తల, చేతులు కాస్త పెద్దవిగా చెక్కుతారు, దాని మీద అసలు కొలతల తల పెడితే గుండుసూది మొనలా ఉంటుంది. మిగిలింది పుట్టీ పని: మెడ సందు పూడ్చడం, వెనక జడ ముడి, బొమ్మ ఒట్టి ఛాతీతో ఉంటే గుడ్డ పట్టీ. దీనికి గ్రీన్ స్టఫ్ వాడతారు, పసుపు నీలం కలిపితే ఆకుపచ్చ అయ్యే పుట్టీ. చవకని ఎం-సీల్‌తో మొదలుపెట్టి ఒక బొమ్మ పాడుచేశాను. అది సన్నని మడతలు పట్టదు, చూస్తుండగానే గట్టిపడిపోతుంది. కింద దిమ్మెకి మట్టి, ఇసుక గుట్టలు చేయడానికి అయితే ఎం-సీల్ భేష్. గ్రీన్ స్టఫ్ మీద పనిచేసేటప్పుడు వేలు, పనిముట్టు నీళ్లతో తడుపుకోకపోతే బొమ్మని వదిలి మనకే అంటుకుంటుంది.

కోసిన తలకి హెల్మెట్ ఉంటే పారేయకండి. దాన్ని దిమ్మె మీద, కాళ్ల పక్కన పెట్టండి. శిల్పంలో ఉన్నట్టే ఉంటుంది. అవి ప్రేక్షకుల తలలని వాదించేవాళ్లు మా ఇంటికి రారు.

డబ్బు లెక్కలో ఒక్క జంట కావాలంటే మార్చుకోవడమే చవక, మగ బొమ్మలు ముందే ఉంటే మరీను. ఆరుగురో ఎనిమిదిమందో కావాలంటే ఇంత పుట్టీ పని చేయలేరు, ప్రింట్‌కి వెళ్లండి. 54 మిల్లీమీటర్లలో ఆడేవాళ్లకీ ప్రింటే మేలు, ఆ సైజులో మొహం, కండ అన్నీ కనిపిస్తాయి, తల మార్చి సరిపెట్టలేం. రెడీమేడ్ లోహం ఎవరికంటే, కోయడం అతికించడం అంటే చిరాకు ఉన్నవాళ్లకి, నాలుగింటిలో ఒక్కటి నచ్చినా చాలనుకునేవాళ్లకి. నా వరకు ఆ ప్యాక్‌లోంచి ఒకావిడే బల్ల మీదికి వచ్చింది. మిగిలినవాళ్లు డబ్బాలో ఫోటోగ్రాఫర్ కోసం చూస్తున్నారు.

రంగులు మేనకోడలే వేసింది. చేతి తొడుగు పాలమీగడ రంగు, బెల్టు ముదురు గోధుమ, అకిలియా జుట్టుకి మాత్రం గోరింటాకు ఎరుపు కావాలని పట్టుబట్టింది. రూల్స్‌లో కూడా ఒకటి కలిపింది: ఈ ఇద్దరే తలపడి, ఇద్దరికీ ఒక్కో ప్రాణమే మిగిలితే ఆట అక్కడితో ఆపేయాలి, ఇద్దరినీ వదిలేయాలి. "రాతి మీద అలాగే రాశారన్నావుగా మావయ్యా" అంది. ఇప్పటికి మూడుసార్లు ఆడాం, రెండుసార్లు వదిలేశాం. మూడోసారి నేను గెలిచాను. ఆ రోజు డబ్బా సర్దే పని నాకే పడింది.