12 బోర్ పంప్ గన్: చెన్నైలో మొదటి తుపాకిగా ఎంతవరకు పనికొస్తుంది?

"ఒక్క తుపాకి కొంటే చాలు, అన్నిటికీ పనికిరావాలి" అన్న ప్రశ్నకి ఎవరిని అడిగినా వచ్చే జవాబు 12 బోర్ పంప్ గన్. ఇది షాట్‌గన్, అంటే ఒక్కో తూటాతో చాలా గుళ్ళు చిమ్మే తుపాకి. గొట్టం కింద ఉన్న ముందుపిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. 12 బోర్ అన్నది గొట్టం వెడల్పు కొలత. మన్నిక ఉంది, విప్పి తుడవడం తేలిక, గొట్టం మార్చుకోవచ్చు. అంతా నిజమే. కాకపోతే ఆ పేరు అమెరికాలో వచ్చిన పేరు. పొద్దున బాతుల వేటకీ సాయంత్రం క్లే షూటింగ్‌కీ, అంటే గాలిలోకి విసిరిన పళ్ళేల్ని కాల్చే ఆటకీ, అదే రెమింగ్టన్ 870 పంప్ గన్ భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళు పెట్టిన పేరు. చెన్నైలో కొనేవాళ్ళ లెక్క వేరు.

వేట సంగతి ముందే తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా పులికాట్‌లో దిగే బాతుల్నీ కాల్చకూడదు, చిత్తూరు వైపు తోటల్లో దూరే అడవిపందుల్నీ మనంతట మనం కాల్చకూడదు. పంట పాడుచేసే జంతువు విషయంలో అటవీశాఖ రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే, ఆ షరతులకి లోబడే. అంటే మిగిలేది రేంజి, కాల్పులు సాధన చేసే చోటు.

రేంజి దగ్గరే పెద్ద చిక్కు ఉంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల్లో షాట్‌గన్ పోటీలకి ఒక తూటా పేలగానే మరొకటి దానంతట అదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ అయినా ఒప్పుకుంటారు, పంప్ గన్ మాత్రం ఒప్పుకోరు. పృథ్వీరాజ్ తొండైమాన్ పారిస్ 2024 ఒలింపిక్స్‌లో ఆడిన ట్రాప్ అనే క్లే పోటీ చూసి మనసు పడి పంప్ గన్ కొంటే, ఆ దారిలో అది మొదటి పోటీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ క్వాలిఫికేషన్ రౌండ్లలో ఒక్కో పళ్ళేనికి రెండు తూటాలు కాల్చవచ్చు. రెండోదానికి చేత్తో పంప్ లాగే వ్యవధి ఎలాగూ తక్కువే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే అనుమతి. వాటిలో ఒకటి దీనికి ఇచ్చేయాలా వద్దా అన్నది బేరానికి దిగకముందే ఆలోచించాలి. పోటీల మీద కన్ను ఉంటే పాతదైనా సరే, ఒకదాని మీద ఒకటి ఉన్న జంట గొట్టాల తుపాకి కొనండి. సరదాగా క్లే కొట్టడం నేర్చుకోవాలి, ఊళ్ళో పొలం దగ్గర ఒక తుపాకి ఉండాలి అనుకుంటే పంప్ గన్ మంచిదే. క్లబ్బు వాళ్ళని కూడా అడగండి. జంట గొట్టాలది మధ్యలో మడిచి తెరిచి పట్టుకుంటే ఖాళీ అని పదడుగుల దూరం నుంచే కనిపిస్తుంది, పంప్‌లో అలా కనిపించదు. అందుకే కొన్నిచోట్ల దాన్ని అంత ఇష్టంగా లోపలికి రానివ్వరు.

ఇక ఏది కొనాలి? మామూలు లైసెన్సుదారు విదేశీ తుపాకి తెప్పించుకోలేడు. ఆ వెసులుబాటు పేరున్న షూటర్లకే. కాబట్టి ఇక్కడ దొరికే 870లు, మాస్‌బర్గ్ 500లు చేతులు మారినవే, ధర కూడా వస్తువుని బట్టి కాక అరుదుని బట్టి ఉంటుంది. 1950లో వచ్చిన 870కి రిసీవర్, అంటే కదిలే భాగాలు ఉండే నడిమి పెట్టె, ఉక్కుది, సేఫ్టీ ట్రిగ్గర్ వెనక అడ్డంగా తోసే మీట. 500కి రిసీవర్ అల్యూమినియం, సేఫ్టీ పైన బొటనవేలి కిందే ఉంటుంది. ఎడమచేతివాటం వాళ్ళకి రెండోదే హాయి. ఇంతకుమించి పేర్ల గొడవ అనవసరం. సర్కారు ఆయుధ కర్మాగారాల పంప్ గన్ అయితే కొత్తది బిల్లుతో దొరుకుతుంది. నునుపు తక్కువ, పని చేస్తుంది.

పాత తుపాకి చూసేటప్పుడు ముందు చాంబరూ (పేలే తూటా కూర్చునే చోటు) మ్యాగజైన్ గొట్టమూ (మిగతా తూటాలు ఉండే కింది గొట్టం) ఖాళీ అని వేలు పెట్టి నిర్ధారించుకోండి. తర్వాత గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్ట్‌ని మూసి, మూతి నుంచి ఒక కర్ర లోపలికి దింపి, మూతి దగ్గర గీత పెట్టి కొలవండి. 20 అంగుళాలకి తక్కువ గొట్టం నిషిద్ధ కోవలోకి వెళ్తుంది. అమ్మేవాడు ఎంత ధీమాగా మాట్లాడినా అది వద్దు. ఎవరైనా కోసి పొట్టి చేసిన గొట్టమైతే చోక్, అంటే మూతి దగ్గర గొట్టం ఇరుకు, కూడా పోయినట్టే, అది క్లేకి పనికిరాదు. గొట్టాన్ని విడదీసి వెలుతురుకి పెట్టి చూస్తే లోపల నల్లటి ఉంగరంలా కనిపిస్తే అక్కడ ఉబ్బిందని అర్థం. అలాంటిది ఎంత చవకైనా వదిలేయండి. బోల్ట్ మూసి, తూటాని పేల్చే హ్యామర్ ఎక్కించి ఉండగా ముందుపిడి వెనక్కి రాకూడదు. విడుదల మీట నొక్కితేనో, డమ్మీ తూటా (మందు లేని నకిలీది) పెట్టి ట్రిగ్గర్ లాగితేనో మాత్రమే రావాలి. ఖాళీ తూటాని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు అరిగి గుండ్రంగా ఉంటే, వేడెక్కిన ఖాళీ తూటా లోపలే ఉండిపోతుంది.

గొట్టం పొడవు 28 అంగుళాలు, పైన రిబ్ (గురి చూసే పట్టీ), మార్చుకునే చోక్‌లు ఉంటే రేంజికి సరిపోతుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో పడే గుళ్ళు ఫుల్ చోక్‌కి సుమారు 70 శాతం, మాడిఫైడ్‌కి 60, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కి 50. ట్రాప్ పళ్ళెం షూటర్ నుంచి దూరంగా పారిపోతుంది, దానికి మాడిఫైడ్‌తో మొదలుపెట్టండి. స్కీట్ అనే మరో క్లే పోటీ దగ్గరి పళ్ళేల ఆట, దానికి ఇంప్రూవ్డ్ సిలిండర్ మేలు. ఫుల్ చోక్ ఒక్కటే ఉన్న పాత గొట్టం దగ్గరి పళ్ళేల మీద కొత్తవాళ్ళని ఉసూరుమనిపిస్తుంది. చోక్ ముక్క తీసేసి మాత్రం ఎప్పుడూ కాల్చకండి, మర పాడైపోతుంది.

తూటా పొడవు విషయంలో పొరపాటుకి తావు లేదు. గొట్టం మీద 70 మిల్లీమీటర్లని ఉంటే 76 తూటా పెట్టకూడదు. మూయడానికి అడ్డు రాదు, పేలాక ముడత విచ్చుకుని ముందుకి జొరబడి ఒత్తిడి పెంచుతుంది. ఖడ్కీ కర్మాగారం శక్తిమాన్ తూటాలు కొనేటప్పుడు పెట్టె మీద గుళ్ళ సైజు చూడండి. క్లేకి 7, 8 నంబర్ల సన్న గుళ్ళు కావాలి, ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుళ్ళు కాదు. పంప్‌లో వెనక్కి తన్నే దెబ్బని తగ్గించే గ్యాస్ ఏర్పాటు ఉండదు కాబట్టి 24 లేదా 28 గ్రాముల లోడ్ దాటితే నేర్చుకునేవాళ్ళు రెండో రౌండుకే కళ్ళు మూసుకోవడం మొదలెడతారు.

నేర్చుకునేవాళ్ళ చేతిలో పంప్ మొరాయిస్తే కారణం చాలాసార్లు తుపాకి కాదు, సగమే లాగిన చెయ్యి. ముందుపిడి వెనక్కి చివరిదాకా ఠక్కుమని రావాలి, మళ్ళీ చివరిదాకా ముందుకి వెళ్ళాలి. మెల్లగా, భయంగా లాగితే ఖాళీ తూటా బయటపడదు, కొత్తది పైకి లేవదు, రెండూ అడ్డం పడి బిగుసుకుంటాయి. డమ్మీ తూటాలతో ఇంట్లో అలవాటు చేసుకోవచ్చు.

ఒంటికి సరిపోవడం కూడా చూసుకోవాలి. కళ్ళు మూసుకుని తుపాకిని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, తర్వాత కళ్ళు తెరవండి. కన్ను రిబ్ వెంట పోయి గొట్టం చివరి గురి పూస మీద ఆగాలి. రిసీవర్ వీపే కనిపిస్తే మీకు బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఎత్తు చాలదు. ముక్కుకీ బొటనవేలి మొదలుకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. అమెరికా బట్‌లు దాదాపు 14 అంగుళాలు ఉంటాయి, మన పొట్టివాళ్ళకి ఎక్కువే. కోయించుకోవచ్చు, కానీ కొలత తీసుకున్నాకే.

చెన్నై గాలికి తుప్పు ఊరికే పడుతుంది. మ్యాట్ నలుపు పూత తేమని పట్టుకుంటుంది, మెరుగు నలుపు కొంత నయం. కాల్చిన రోజే గొట్టం తోమి, చోక్ మర తుడిచి గ్రీజు రాసి, మ్యాగజైన్ గొట్టం టోపీ విప్పి లోపలి స్ప్రింగ్ తుడవండి. చాలామంది మర్చిపోయేది అక్కడే. నూనె పలచగా చాలు. తోలు సంచిలో దాచితే తోలు పీల్చిన తేమంతా ఉక్కుకి చేరుతుంది. తాళం బీరువాలో సిలికా జెల్‌తో నిలబెట్టండి, తూటాలు వేరే తాళంలో.

డబ్బు కట్టేముందు లైసెన్సులో రెండు గడులు చదవండి. ఆయుధం రకం దగ్గర ఏమి రాశారో, అది పంప్ గన్‌కి వర్తిస్తుందో లేదో కమిషనర్ ఆఫీసు లైసెన్సు విభాగంలో అడగాలి. చెల్లుబాటు ప్రాంతం తమిళనాడు వరకే అయితే నెల్లూరు, చిత్తూరు పొలాలకి తీసుకెళ్ళడానికి లేదు. ఆంధ్రకి పొడిగింపు దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి.