విండోస్ 11 హోమ్, ప్రో: కడపలో మా అకౌంట్ల ఆఫీసులో మూడేళ్లు వాడాక

కడప ఏడు రోడ్ల దగ్గర నాదొక చిన్న ఆఫీసు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, బట్టల కొట్లు, ఎర్రగుంట్ల వైపు బండల పాలిషింగ్ యూనిట్లు, ఇవే నాకు అన్నం పెట్టేవి. 2022లో ఆఫీసుకు రెండు డెస్క్‌టాప్‌లు, నాకొక ల్యాప్‌టాప్ ఒకేసారి కొన్నాను. మూడింట్లోనూ విండోస్ 11లో మామూలు ఎడిషన్ అయిన హోమే వచ్చింది. ఈరోజు రెండు, ఇంకాస్త ఎక్కువ సౌకర్యాలుండే ప్రో ఎడిషన్‌కు మారాయి, ఒకటి హోమ్‌గానే ఉంది. ఆ రెండింట్లో ఒకదాన్ని నేను పొరపాటున ప్రో చేశాను. ఆ పొరపాటుతోనే మొదలుపెడతాను. తెలిసిన ఇద్దరు తోటి ప్రాక్టీషనర్లు కూడా అచ్చం అదే చేశారు మరి.

మా పనిలో నెలకు రెండు తేదీలు నిద్ర పోనివ్వవు. 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చే జీఎస్టీఆర్-3బీ. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పళ్లెం ముందు కూర్చుంటే ఫోన్ వస్తుంది. "అన్నా, యాడుండావ్? మూడు బిల్లులు మర్సిపోయినాం, ఇంగా వేయలేదు గదా?" లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా ఆఫీసు మెషిన్‌లో. చిన్నచౌక్ నుంచి బండి వేసుకుని మళ్లీ పోవాలి. ఇంట్లో కూర్చునే ఆఫీసు కంప్యూటర్‌ను వాడే రిమోట్ డెస్క్‌టాప్ అనే సౌకర్యం ప్రోలో ఉందని తెలిసి, ఇంటి నుంచి చేయబోయేది ల్యాప్‌టాప్ మీద కదా అని ల్యాప్‌టాప్‌కే ప్రో కొన్నాను. ఆఫీసు మెషిన్ పలకలేదు.

అసలు లెక్క తిరగబడి ఉంది. ఎక్కడి నుంచి చూస్తున్నామో ఆ మెషిన్‌కు హోమ్ చాలు. దేనిలోకి వెళ్లాలో దానికి ప్రో ఉండాలి. హోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే ఈ ఎడిషన్‌లో ఇది లేదని అక్కడే రాసి ఉంటుంది. డబ్బు కట్టకముందు ఆ ఒక్క పేజీ తెరిచి చూసి ఉంటే సరిపోయేది. తర్వాత ఆఫీసులో టాలీ ఉన్న మెషిన్‌కు కూడా ప్రో కొన్నాను. అప్పటి నుంచి 20వ తేదీ రాత్రుళ్లు బండి తీయాల్సిన పని చాలావరకు తప్పింది. ఈ ఒక్క సుఖానికే పెట్టిన డబ్బు వచ్చేసిందని నా లెక్క.

అయితే బటన్ ఆన్ చేస్తే అయిపోయే పని కాదిది. రోజూ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ రిమోట్‌లో పనికిరాదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి. పిన్‌కే అలవాటుపడి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఆఫీసు మెషిన్ నిద్రలోకి జారకుండా స్లీప్ ఆపేయాలి. మా దగ్గర ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ అయిపోయి మెషిన్ ఆరిపోతే ఇంట్లోంచి చేసేదేమీ ఉండదు. అందుకని బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే మెషిన్ సెట్టింగుల్లో, కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగు పెట్టించాను. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ 3389 అనే పోర్టు మీద నడుస్తుంది. దాన్ని రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. ప్రపంచంలో ఏ మూల నుంచైనా పాస్‌వర్డ్‌లు కొట్టి చూసేవాళ్లకు అది తలుపు తీసిపెట్టడమే. ముందు వీపీఎన్, అంటే బయటివాళ్లు దూరలేని సొంత దారి, పెట్టుకుని దాని లోపలి నుంచే కలవాలి. మనవి సొంత లెక్కలైతే మన ఇష్టం, కానీ మన దగ్గర ఉండేవి పదిమంది సంసారాల లెక్కలు.

ఇంకో రెండు సంగతులు కొన్నాక గానీ తెలియలేదు. నేను ఇంటి నుంచి లోపలికి వెళ్లగానే ఆఫీసులో ఆ మెషిన్ తెర లాక్ అయిపోతుంది. ఒకసారికి ఒక్కరే. మా అసిస్టెంట్ అమ్మాయి ఎంట్రీలు కొడుతూ ఉంటే మధ్యలో నేను దూరకూడదు. ఇద్దరూ ఒకే తెర చూస్తూ మాట్లాడుకోవాలంటే క్విక్ అసిస్ట్ ఉంది, అది హోమ్‌లోనూ దొరుకుతుంది.

రెండోది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అంటే ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి మెషిన్‌కు గుచ్చే పెన్‌డ్రైవ్‌లాంటిది. ప్రొప్రయిటర్ల రిటర్నులు ఓటీపీతో అయిపోతాయి గానీ, కంపెనీలకూ ఎల్ఎల్‌పీ అనే భాగస్వామ్య సంస్థలకూ సంతకం టోకెన్‌తోనే పెట్టాలి. టోకెన్‌ను ఆఫీసు మెషిన్‌కే గుచ్చిపెట్టి ఇంటికొచ్చి రిమోట్‌లో చూస్తే అది కనిపించదు. పాడయిందేమో అని ఒక రాత్రంతా డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను. పాడవలేదు, దాని పద్ధతే అది. రిమోట్‌లో ఉన్నప్పుడు అవతలి మెషిన్‌కు పెట్టిన టోకెన్ కాకుండా, మన చేతిలో ఉన్న మెషిన్‌కు పెట్టిందే లోపలికి వెళ్తుంది. ఇప్పుడు టోకెన్లన్నీ చిన్న డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాను, ల్యాప్‌టాప్‌కు గుచ్చుతాను. టోకెన్ డ్రైవరు మాత్రం ఆఫీసు మెషిన్‌లో ఉండాలి. మా వృత్తిలో ఉన్నవాళ్లు ప్రో కొనేముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

పొరపాటున ప్రో చేసిన ల్యాప్‌టాప్ సంగతికి వస్తాను. కొన్నాళ్లు దాన్ని చూసినప్పుడల్లా డబ్బు దండగ చేశాననే అనుకున్నాను. ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి సాయంత్రం బస్సులో వస్తూ సంచి పైన పెట్టి, ఫోన్ మాట్లాడుకుంటూ కడపలో దిగిపోయాను. బస్సు తిరుపతి పోయింది, సంచి కూడా పోయింది. అందులో ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్‌లో నూట పాతికమంది పాన్‌లు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. విండోస్ పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యంగా ఉండలేం. డిస్క్ ఊడదీసి ఇంకో మెషిన్‌కు పెడితే లోపలున్నదంతా చదువుకోవచ్చు. ఆ సంచి మర్నాడు మధ్యాహ్నం చేతికొచ్చింది, అందులో ఏదీ పోలేదు. కానీ ఆ రాత్రి పడ్డ బాధ మాత్రం చెప్పలేను. నన్ను నమ్మి కాగితాలిచ్చినవాళ్లకు పొద్దున ఏం చెప్పాలి?

ఆ వారమే ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్ చేశాను. డిస్క్ మొత్తాన్ని తాళం వేసి, ఊడదీసినా చదవలేకుండా చేసేది అదే. హోమ్‌లో అసలు ఏమీ లేదని కాదు. డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఒకటుంది, అందులోనూ డిస్క్‌కు తాళం పడుతుంది. కానీ మెషిన్ హార్డ్‌వేర్ అనుకూలిస్తేనే ఆ మాట సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. మా హోమ్ డెస్క్‌టాప్‌లో కనిపించలేదు. మీ దాంట్లో ఉందో లేదో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో చూడండి. ఉంటే, ఇల్లు దాటని మెషిన్‌కు అది చాలు. పెన్‌డ్రైవ్‌లకు కూడా తాళం వేయాలంటే ప్రో ఉండాలి. వేసినదాన్ని హోమ్ మెషిన్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరుచుకోవచ్చు. ఆడిట్‌కు ఫైళ్లు పంపేటప్పుడు ఇది నాకు బాగా అక్కరకొచ్చింది.

బిట్‌లాకర్ వేసేరోజే 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి ఇంట్లో బీరువాలో పెట్టాను. ఏడాది తర్వాత సర్వీసువాళ్లు బయోస్ అప్‌డేట్ చేసి ఇస్తే, ఆన్ చేయగానే ఆ కీ అడిగింది. ఆ కాగితం లేకుంటే అందులోని డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ కీ దాచుకోనివాళ్లు బిట్‌లాకర్ జోలికి పోవద్దు.

ప్రోలో మిగతావి నాకు కొంచెం కొంచెం పనికొచ్చాయి. గ్రూప్ పాలసీ అనే సెట్టింగులతో పెద్ద అప్‌డేట్లను ఏడాది వరకు వాయిదా వేయొచ్చు. జూలైలో రిటర్నుల సీజన్ మధ్యలో కొత్తదనం నాకు అక్కర్లేదు. హోమ్‌లో అయితే అయిదు వారాల వరకు ఆపుకోవచ్చు, యాక్టివ్ అవర్స్‌లో రోజుకు 18 గంటలు రీస్టార్ట్ కాకుండా పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లకు అంతకన్నా అవసరం లేదు. విండోస్ శాండ్‌బాక్స్ మాత్రం నాకు నచ్చింది. క్లయింట్లు వాట్సాప్‌లో పంపే అనుమానపు ఫైళ్లను దాంట్లో తెరుస్తాను, మూసేయగానే అందులోదంతా చెరిగిపోతుంది. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే హైపర్-వీ ఒక్కసారి తెరిచి చూశాను, మళ్లీ ముట్టలేదు.

ఇక హోమ్ మీద ఉన్న అపోహలు. ప్రో వేస్తే మెషిన్ వేగం పెరుగుతుందని అంగడివాళ్లు చెబితే నమ్మొద్దు, అదే మెషిన్ మీద నేను రెండూ వాడాను, తేడా లేదు. హోమ్ 128 జీబీ ర్యామ్ వరకు తీసుకుంటుంది, మన దగ్గర ఉండేది 8 లేదా 16. వైరస్ నుంచి కాపాడే డిఫెండర్ రెండింట్లోనూ ఒకటే. టాలీ డేటా ఫోల్డర్‌ను షేర్ చేసి ఇద్దరు పనిచేయడానికి హోమ్ సరిపోతుంది. అక్కడ కొనాల్సింది టాలీ మల్టీ యూజర్ లైసెన్సు, విండోస్ ప్రో కాదు.

తెలుగు గురించి ఒక మాట. మన దగ్గర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. నాదీ అదే. దాంట్లో తెలుగు టైపింగుకు ఏ అడ్డూ లేదు, ఫొనెటిక్ కీబోర్డుతో హాయిగా రాసుకోవచ్చు. కానీ మెనూలు, సెట్టింగ్స్ తెలుగులోకి మార్చుకుందామంటే ఒప్పుకోదు. ప్రోకు మారాక అది తెరుచుకుంది. డబ్బు పెట్టి కొన్నవాడికి తన భాషలో చూసుకునే వీలు అన్ని ఎడిషన్లలో ఉండాలని నేను గట్టిగా అంటాను.

మారడం తేలిక. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ప్రో కీ, అంటే కొన్నప్పుడిచ్చే లైసెన్సు నంబరు, వేస్తే ఒక రీస్టార్టుతో అయిపోతుంది. ఫైళ్లు, టాలీ, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. వెనక్కి హోమ్‌కు రావాలంటే మాత్రం మొత్తం తుడిచి మళ్లీ వేసుకోవాలి. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు అమ్మే కీల జోలికి పోకండి. కొన్ని మొదట పనిచేసినా, పెద్ద సంస్థల లైసెన్సుల్లోంచి బయటికొచ్చినవైతే ఎప్పుడైనా చెల్లకుండా పోతాయి. అది 20వ తేదీన జరిగితే? కొత్త మెషిన్ కొనేవాళ్లు ప్రో కావాలని ముందే తెలిస్తే ప్రోతో వచ్చే మోడలే అడగండి. ఆ తేడాను, విడిగా కొనే కీ ధరను పక్కపక్కన పెట్టి చూసి తేల్చుకోండి.

రెండో డెస్క్‌టాప్ హోమ్‌తోనే ఉంది. దాని మీద మా అసిస్టెంట్ అమ్మాయి బిల్లులు కొడుతుంది, ప్రింట్లు తీస్తుంది, సాయంత్రం ఆరింటికి ఆపేసి పోతుంది. డేటా దాంట్లో ఉండదు, దాంట్లోకి బయటి నుంచి నేను పోయే పనీ లేదు. దాని డిస్క్, 256 జీబీ ఎస్ఎస్‌డీ మాత్రం నిండిపోతోంది. ఈ నెలలో దానికి ప్రో కీ కొనే బదులు, పెద్ద ఎస్ఎస్‌డీ వేయిస్తున్నాను.